సూదికి దారి చూపిన బొమ్మ

శ్రావణమాసపు ముసురు. చర్ల దారిలో వచ్చిన ఆటో భద్రాచలంలోని ఓ ఆసుపత్రి ముందు ఆగింది. దుప్పట్లో చుట్టిన అవ్వను కొడుకు రెండు చేతులా ఎత్తుకుని లోపలికి తెచ్చాడు. నాలుగు రోజులుగా జ్వరం. పొద్దుట్నుంచీ మనుషుల్ని గుర్తుపట్టడం లేదు. మెడ కర్రలా బిగుసుకుపోయింది.

ఏజెన్సీలో వానాకాలపు జ్వరం అనగానే ముందు చూసేది మలేరియా. రక్తపు చుక్కతో చేసే పరీక్షలో అది లేదని తేలింది. అలాగని ఊపిరి పీల్చుకునే పరిస్థితి కాదు. మెడ బిగుసుకుని, మతి తప్పుతుంటే మెదడు పొరల వాపు కావచ్చు. అది బాక్టీరియా వల్లా, వైరస్ వల్లా, క్షయ వల్లా... తెలిస్తేనే సరైన మందు. ఆ సంగతి చెప్పాల్సింది వెన్నులోని నీరే. పరీక్ష కోసం మందు ఆగకూడదు కాబట్టి, డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ యాంటీబయాటిక్ మొదటి మోతాదు ఎక్కించేసింది. ఆ తర్వాత కొడుకును పక్కకు పిలిచింది.

"ఎన్నులో సూదా? వద్దు మేడమ్..." చేతులు జోడించాడతను. "మా ఊళ్ళో ఒకాయనకు అట్లనే నీరు తీసిన్రు. మళ్ళ లేవలే."

ఈ మాట ఆమెకు కొత్త కాదు. వెన్నునీరు తీస్తే కాళ్ళు పడిపోతాయనీ, ప్రాణమే పోతుందనీ పల్లెల్లోనే కాదు, పట్నాల్లోనూ భయపడతారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. అడవి పల్లెలో జ్వరమొస్తే ముందు ఇంటివైద్యం, తర్వాత ఆరెంపీ, ఆ తర్వాతే ఆసుపత్రి. ఇక్కడికి చేరేసరికి జబ్బు ముదిరిపోతుంది. అన్నిటికన్నా చివర గుచ్చింది సూది కనుక నింద దాని మీద పడుతుంది.

"ఆయన్ని తీసుకుపోయింది జబ్బు తమ్ముడూ... సూది కాదు" అంది డాక్టరమ్మ. అతను తల దించుకున్నాడే గానీ ఒప్పుకోలేదు.

నిజానికి ఆమెకూ లోపల భయంగానే ఉంది. చదువుకునే రోజుల్లో వేరే ఊరి ఆసుపత్రిలో ఓ పెద్దాయనకు మూడుసార్లు గుచ్చింది. నీటికి బదులు నెత్తురొచ్చింది. "అమ్మా" అన్న ఆయన మూలుగు ఇంకా చెవుల్లోనే ఉంది.

వేలికి అందని చోటు

వెన్నుపాము నడుం చివరిదాకా ఉండదు. పెద్దవాళ్ళలో నడుం పూసల్లో మొదటి, రెండో పూసల దగ్గరే అయిపోతుంది. ఆ కింద నీటిలో నరాల పోగులు తేలుతూ ఉంటాయి. అందుకే మూడు, నాలుగు పూసల మధ్యో, నాలుగు, ఐదు పూసల మధ్యో సూది దింపుతారు. జర్మనీ వైద్యుడు హైన్రిక్ క్వింకే 1891లో ఈ పద్ధతిని లోకానికి చెప్పాడు. చోటు గుర్తించడానికి అప్పట్నుంచీ వైద్యుల వేళ్ళే ఆధారం. రెండు తుంటి ఎముకల పైఅంచులనూ కలుపుతూ ఓ గీత ఊహించుకుంటారు. అది దాదాపు నాలుగో పూస మీదుగా వెళ్తుంది.

కానీ వేళ్ళు మోసం చేస్తాయి. మత్తు వైద్యులు గుర్తుపట్టిన పూసల సందును ఎమ్మారైతో పోల్చి చూసిన ఓ అధ్యయనం 2000లో వెలువడింది. వాళ్ళ అంచనా నిజమైంది నూటికి 29 సార్లే! ఎక్కువసార్లు వాళ్ళు అనుకున్న దానికన్నా పైసందులో వేలు పెట్టారు.

సన్నటి కుర్రాడికైతే వేలు చాలు. కానీ ఈ అవ్వ ఏళ్ళ తరబడి ఇప్పపువ్వు ఏరింది. తునికాకు కట్టలు మోసింది. నడుం విల్లులా వంగిపోయింది. తడిమితే ఏది పూసో, ఏది సందో తెలియడం లేదు.

డాక్టరమ్మ ఆయాతో చిన్న స్కానింగ్ యంత్రాన్ని మంచం దగ్గరికి తెప్పించింది.

నల్లటి సందు

ఈ యంత్రం పంపే శబ్దతరంగాలు మన చెవికి వినబడవు. ఎముకకు తగిలితే వెనక్కి తిరిగొస్తాయి. అందుకే తెర మీద ఎముక అంచు తెల్లగా, దాని వెనకంతా నల్లటి నీడగా కనిపిస్తుంది. రెండు ఎముకల నడుమ సందుంటే తరంగాలు లోపలికి పోయి, అక్కడి పొరలను కూడా చూపిస్తాయి. చర్మం నుంచి ఎంత లోతు దిగాలో కూడా తెర మీదే కొలుచుకోవచ్చు.

అవ్వను పక్కకు తిప్పి, మోకాళ్ళు పొట్టలోకి ముడిచి పడుకోబెట్టారు. డాక్టరమ్మ జెల్ రాసి, నడుం కింద నుంచి పూసలు లెక్కపెడుతూ పైకి వచ్చింది. "ఇటు చూడు తమ్ముడూ. తెల్లగా ఉన్నవి మీ అమ్మ ఎముకలు. నడుమ ఈ సందు కనిపిస్తోందా? సూది పోయేది ఇందులోకే. అసలు నరం దీనికి పైనే ఆగిపోయింది."

సిస్టరమ్మ అదే మాటను కోయలో చెప్పింది. అతను తెర దగ్గరికి వంగి చాలాసేపు చూశాడు. "మా అమ్మ ఎన్నేనా ఇది?" అన్నాడు. కాసేపాగి, కాగితం మీద వేలిముద్ర వేశాడు.

అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గీతలు పెట్టి, అవ్వ కదలకుండా కొడుకునే పట్టుకోమన్నారు. జెల్ తుడిచి, మందుతో శుభ్రం చేసి, మత్తిచ్చి, గీతలు కలిసిన చోట సూది దింపింది. ఒక్కసారే! చుక్కలు చుక్కలుగా నీరు సీసాలోకి జారింది. మంచినీళ్ళలా తేటగా ఉండాల్సింది, కాస్త కలకబారి ఉంది. అంటే బాక్టీరియా కావచ్చు. మొదలుపెట్టిన మందు కొనసాగించాలి.

ఈ బొమ్మ మహిమ ఎంత? 2013లో 'బ్రిటిష్ మెడికల్ జర్నల్' 14 అధ్యయనాలను కలిపి చూసింది. వెన్నునీరు తీయడానికో, వెన్నులో మత్తివ్వడానికో వేసిన సూదుల లెక్క అది. అల్ట్రాసౌండ్ సాయంతో చేసిన 624 ప్రయత్నాల్లో 6 విఫలమైతే, అది లేకుండా చేసిన 610లో 44 విఫలమయ్యాయి. అలాగని అన్నిటికీ ఇదే మందు కాదు. మెదడులో ఒత్తిడి బాగా పెరిగినా, ప్లేట్‌లెట్లు మరీ పడిపోయినా సూది జోలికి పోకూడదు. ఆ సంగతి డాక్టరు ముందే చూసుకోవాలి.

మరో చిక్కుంది. ఆడపిల్లల్ని కడుపులోనే తుంచేయకుండా మన దేశంలో 1994లో చట్టం తెచ్చారు. దాని ప్రకారం ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రానికీ రిజిస్ట్రేషన్ ఉండాలి. చేత్తో మోసుకెళ్ళే యంత్రాలను రిజిస్టరైన ఆసుపత్రిలో చేరిన రోగులకూ, సంచార వైద్య బృందాల్లోనూ మాత్రమే వాడాలని 2012లో నిబంధన వచ్చింది. అవసరమైన కట్టడే. కానీ కాగితాలకు భయపడి యంత్రాన్ని స్కానింగ్ గదిలోనే తాళం వేసి ఉంచితే, అర్ధరాత్రి మంచం మీదున్న అవ్వకు అది అందదు. కాగితాలు సరిగ్గా ఉంచుకుని, డాక్టర్లకు చేయి తిప్పడం నేర్పితే వార్డు దాకా రావడానికి అడ్డేమీ లేదు.

అయిదో రోజు పొద్దున అవ్వ కళ్ళు తెరిచి జావ అడిగింది. ఆమె కోలుకుంది మందుతోనే. అయితే ఏ మందో ధైర్యంగా కొనసాగించగలిగింది ఆ నీటి చుక్కలవల్ల.

ఇంటికి పోయేరోజు పక్క మంచం దగ్గర గొడవ. ఓ తండ్రి తన బిడ్డకు వెన్నులో సూది వద్దంటే వద్దంటున్నాడు. అవ్వ కొడుకు మూట కింద పెట్టి అతని దగ్గరికి వెళ్ళాడు.

"ముందు ఆ డబ్బాల జూపియ్యమను అన్నా... నేను జూసిన. సందు ఉంటది."