ఫార్మాట్ కొట్టే ముందు

లాప్‌టాప్ ఉన్నట్టుండి నెమ్మదించిందని షాపుకు తీసుకుపోతే, ఆన్ చేసి చూడనైనా చూడకుండా "ఫార్మాట్ కొట్టాల సార్" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. జ్వరమని పోతే నాడి పట్టకుండానే సెలైన్ ఎక్కించినట్టుంటుంది. కర్నూలులోనైనా కడపలోనైనా, ఏప్రిల్, మే నెలల్లో మిషను మొరాయిస్తే నా మొదటి అనుమానం వైరస్ మీద కాదు, ఎండ మీద.

గది వేడి 35 డిగ్రీలు దాటని చోట వాడమని చాలా లాప్‌టాప్ కంపెనీలే రాస్తాయి. మనకు వేసవిలో 40 దాటడం మామూలు. స్లాబు కింది పై అంతస్తు గదిలో రాత్రి పదింటికి కూడా గోడలు సెగ కక్కుతుంటాయి. ప్రాసెసర్ ఓర్చుకునే వేడికి హద్దుంది, చాలావాటికి అది 100 డిగ్రీల దరిదాపు. అక్కడికి చేరగానే కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. 25 డిగ్రీల గదిలో పోయినంత సులువుగా 40 డిగ్రీల గదిలో లోపలి వేడి బయటికి పోదు. దీనికి మన దుమ్ము తోడు. ఫ్యాను పక్కనుండే సన్నటి రేకుల మధ్య పేరుకుని గాలి దారినే మూసేస్తుంది.

కారణం కనుక్కోవడం కష్టం కాదు. తెల్లవారుజామున చురుగ్గా నడిచి, మధ్యాహ్నానికి ఈడుస్తుంటే అది ఎండదెబ్బే. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. డిస్క్ ఎంతసేపటికీ 100 శాతం దగ్గరే ఉంటే పాత హార్డ్‌డిస్కో, వెనకాల దిగుతున్న అప్‌డేటో కారణం కావచ్చు. హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయిస్తే పాత మిషను లేచి కూర్చుంటుంది. మెమరీ నిండితే బ్రౌజర్‌లో తెరిచి వదిలేసిన ట్యాబులు మూయాలి. ఇవన్నీ బాగుండి, పని మీదున్నప్పుడే ప్రాసెసర్ వేగం ఒక గిగాహెర్ట్జ్ కిందికి పడిపోతుంటే, వేడి గానీ తక్కువ వాట్ల చార్జర్ గానీ కారణమై ఉంటుంది. దుమ్ముకూ వేడికీ ఫార్మాట్ మందు కానే కాదు.

ఆ ఫార్మాట్ మీద నాకు పాత కక్ష ఉంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలు మీద పడ్డాయి. నీళ్లు తీశాక నేను తీసిన ఫొటోలు ఉండేవి: పాతబస్తీ గోడల మీద తలెత్తి చూడాల్సినంత ఎత్తున బురద గీత, మిద్దె మీద ఎండబెట్టిన పుస్తకాలు, చీపురు పట్టుకుని వాకిలి కడుగుతున్న మా పెదనాయన. డి డ్రైవ్ ముట్టొద్దని చెప్పి మరీ ఇచ్చినా, ఒక షాపులో అంతా తుడిచిపెట్టారు. మిషనేమో వారం తిరక్కుండానే మళ్లీ మొరాయించింది. మూత విప్పితే ఫ్యాను నిండా దుమ్ము. చేతివేలంత కుంచెతో పోయే జబ్బుకు ఆ ఫొటోలు బలయ్యాయి. పెదనాయన ఇప్పుడు లేడు. ఈ కోపం తగ్గేది కాదు.

మిషన్లను ఇంతగా వేధించే ఈ ఎండతో ఎట్లా బతకాలో మన పెద్దలకు తెలుసు. మందపాటి రాతి గోడలు, చౌడుమట్టి కప్పిన మిద్దెలు, కింద నాపరాయి. బేతంచెర్ల బండ గానీ కడప బండ గానీ, మిట్టమధ్యాహ్నం దాని మీద నడుం వాల్చినవాళ్లకు ఆ సుఖం చెప్పనక్కర్లేదు. ఎక్కడెక్కడివాళ్లో వంటింటి గట్లకు వేసుకునే నల్లబండ మన నేలదే. ఈ రాతి పొరల ప్రాంతాన్ని భూగర్భ శాస్త్రం కడప బేసిన్ అంటుంది, అందులో పాత పొరల వయసు వంద కోట్ల ఏండ్ల పైమాటే. అంతటి రాయిని పక్కనబెట్టి నున్నటి టైల్స్ పరుచుకున్నాం, మిద్దెలు కూల్చి స్లాబులు వేసుకున్నాం, ఆపైన ఏసీలకు కరెంటు బిల్లు కడుతున్నాం. నాకు ఇది బొత్తిగా నచ్చదు. నేను లాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టను, అది గాలి రంధ్రాలను మూసేస్తుంది. బండ మీద పెడతాను. చెక్క కంటే రాయి వేడిని చాలా త్వరగా లాక్కుంటుంది.

మీ లాప్‌టాప్ ఈ వేసవిలో నెమ్మదిస్తే ముందు మీ ఫొటోలు ఇంకోచోట కాపీ చేసుకోండి. తర్వాత షాపుకు పోయి, ఎదురుగా నిలబడి, మూత విప్పి ఫ్యాను చూపించమనండి. దుమ్ము దులిపి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు మార్చాక కూడా దారికి రాకపోతేనే ఫార్మాట్ మాట ఎత్తనివ్వండి.