వెల - విలువ

'వెల', 'విలువ' అనే రెండు మాటలు పైకి ఒకే అర్థాన్ని ఇస్తున్నట్లు తోస్తాయి. అంగడిలో వస్తువుకు ప్రతిగా చెల్లించేది వెల. ఆ వస్తువు వలన జీవితానికి చేకూరే ప్రయోజనం విలువ. వెలను అంకెలలో చెప్పవచ్చు; బేరమాడి తగ్గించవచ్చు. విలువ అటువంటిది కాదు. చాలాసార్లు అది వస్తువు చేజారిన తరువాత గాని తెలియదు. కడప పట్టణంలో నివసించే ఒక విశ్రాంత తెలుగు ఉపన్యాసకునికి ఈ భేదం అరచేతిలో ఇమిడే ఒక చిన్న పెట్టె వలన తెలిసివచ్చింది.

ఆయన 1983 నుండి 1996 వరకు, కళాశాలకు సెలవులు వచ్చినప్పుడల్లా, జిల్లాలోని పల్లెలు తిరిగి స్త్రీల పాటలు సేకరించారు. టేపురికార్డరు చంకన పెట్టుకొని, బస్సు వెళ్లని ఊళ్లకు నడిచి వెళ్లి, వయసు మళ్లిన ఇల్లాండ్రను బతిమాలి పాడించారు. తిరుగటిపాటలు, రోకటిపాటలు, లాలిపాటలు, పెండ్లిపాటలు, పురాణకథల పాటలు మొత్తం 240 క్యాసెట్లలో నిండాయి. క్యాసెట్లు పాడవుతాయనే భయంతో 2008లో వాటినన్నింటినీ కంప్యూటరులోకి ఎక్కించుకున్నారు. ఒక గంట పాటకు సుమారు 600 మెగాబైట్ల చొప్పున ఆ సంపద దాదాపు 150 గిగాబైట్లయింది. పాడినవారిలో ఎక్కువమంది అప్పటికే కాలధర్మం చెందారు. వారి కంఠాలు మాత్రం ఆ పాత కంప్యూటరులో మిగిలాయి.

ప్రతుల విలువ ఆయనకు తెలియనిది కాదు. అదే కడపలో సి.పి. బ్రౌన్ ఒక్కొక్క కావ్యానికి అనేక తాళపత్ర ప్రతులను సేకరించి, పండితులచేత వాటిని సరిపోల్చి, శుద్ధప్రతులు వ్రాయించిన సంగతిని ఆయన ఎందరో విద్యార్థులకు బోధించారు. తాళ్లపాక కవుల సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కబడి, తిరుమలలోని సంకీర్తన భాండారంలో భద్రంగా ఉన్నందువలననే 1922లో వెలుగుచూడగలిగాయని కూడా చెప్పేవారు. ఆకు శిథిలమైతే మరొక ఆకు మీదికి, ఆ ఆకు శిథిలమైతే వేరొక ఆకు మీదికి ఎక్కించుకుంటూ వచ్చినందువలననే మన సాహిత్యం మనదాకా వచ్చింది. ఇదంతా తెలిసిన పండితుడు తన సేకరణ విషయంలో మాత్రం ఏమరుపాటు చెందారు.

2021 దసరా నాటికి ఆ కంప్యూటరు తరచుగా మొరాయించసాగింది. పాటలను వేరొక చోట భద్రపరచాలని ఆయన నిశ్చయించుకున్నారు. ఇంటర్మీడియట్ చదువుతున్న మనుమణ్ణి వెంటబెట్టుకొని పట్టణంలోని ఒక కంప్యూటరు దుకాణానికి వెళ్లారు. ఆ దుకాణదారు ఇరవై ఏళ్లుగా అదే వీధిలో వ్యాపారం చేస్తున్నవాడు. ఆయన 2 టెరాబైట్ల పోర్టబుల్ హార్డ్ డిస్క్ చూపి, 5,400 రూపాయలు చెప్పాడు. తగ్గించమని అడిగితే, "రెండు వందలు తగ్గిస్తాను మాస్టారూ, అంతకు మించి నాకు గిట్టదు" అన్నాడు. ఆలోచించుకొని వస్తామని చెప్పి వారు తిరిగి వచ్చారు.

ఆ రాత్రి మనుమడు సెల్‌ఫోనులో ఒక ప్రకటన చూశాడు. 16 టెరాబైట్ల హార్డ్ డిస్క్, అసలు ధర 12,999 రూపాయలు, పండుగ తగ్గింపు ధర 1,899 రూపాయలు.

"తాతయ్యా! ఎనిమిదింతలు పెద్దది, మూడోవంతు ధరకే వస్తోంది" అన్నాడు ఉత్సాహంగా.

"అంగడివాడు మనల్ని అమాయకులనుకున్నాడు రా!" అని తాతగారు నవ్వారు. వెంటనే ఆర్డరు చేశారు.

నాలుగు రోజులకు పెట్టె వచ్చింది. చేతికి బరువుగానే ఉంది. కంప్యూటరుకు తగిలించగానే 16 టెరాబైట్లని చూపింది. రెండు రాత్రులు పాటలన్నీ అందులోకి ఎక్కాయి. 240 పేర్లూ వరుసగా కనిపించాయి. మొదటి నాలుగైదు పాటలు పెట్టి విన్నారు. చక్కగా వినిపించాయి. ఆయన తృప్తిగా నిట్టూర్చి, పాత కంప్యూటరును పాత సామాన్లవానికి ఇచ్చివేశారు.

సంక్రాంతి సెలవులలో ఒక పరిశోధక విద్యార్థిని 'ఊర్మిళాదేవి నిద్ర' వినాలని వచ్చింది. ఆ పాటను జిల్లాలో ఒక వృద్ధురాలు తనదైన బాణీలో పాడేది. ఆమె పాడిన పాట 173వ సంఖ్యలో ఉంది. పేరు కనిపించింది, పాట పలుకలేదు. 172వదీ పలుకలేదు, 174వదీ పలుకలేదు. నూరవ క్యాసెట్టు దాటిన తరువాత ఒక్క గొంతూ వినిపించలేదు.

తాతామనుమలు మరల ఆ పాత దుకాణానికే వెళ్లారు. దుకాణదారు వారిని ఎత్తిపొడవలేదు. పెట్టెను ఇటూ అటూ తిప్పి చూసి, అనుమతి అడిగి, మూత విప్పాడు. లోపల తిరిగే పళ్లెం లేదు. ఒక చిన్న పలకకు అతికించిన 64 గిగాబైట్ల మెమరీ కార్డు ఉంది. బరువు కోసం ఒక ఇనుపముక్క జిగురుతో అంటించి ఉంది.

"కార్డును 16 టెరాబైట్లని అబద్ధమాడేటట్లు మార్చారు మాస్టారూ. అది పట్టినంతవరకు పాటలు వ్రాసుకున్నది. ఆ తరువాత వచ్చినవాటికి పేర్లు మాత్రం వ్రాసుకొని, పాటలను వదిలివేసింది" అన్నాడు.

"పోయినవాటిని వెలికితీసే నిపుణులున్నారట కదా?" అని ఆయన ఆశగా అడిగారు.

"డిస్కు చెడిపోతే తీయవచ్చునండీ. లోపల వ్రాసినది ఉంటుంది కాబట్టి. ఇందులో అసలు వ్రాయనే లేదు."

అప్పుడు మనుమడికి ఒక సందేహం కలిగింది. ఇంత చౌకగా నిజమైన డిస్కు ఎందుకు రాదు? దానికి సమాధానం ఆ యంత్ర నిర్మాణంలోనే ఉన్నది. 1956లో ఐ.బి.ఎం. సంస్థ రూపొందించిన మొట్టమొదటి హార్డ్ డిస్కులో 24 అంగుళాల వ్యాసం గల పళ్లేలు 50 ఉండేవి. దాని బరువు దాదాపు ఒక టన్ను. అందులో పట్టినవి 50 లక్షల అక్షరాలు మాత్రమే. ఆల్బర్ట్ ఫెర్ట్, పీటర్ గ్రూన్‌బెర్గ్ అనే శాస్త్రవేత్తలు 1988లో కనుగొన్న ఒక అయస్కాంత ధర్మం వలన అతి చిన్న చోట ఎంతో సమాచారాన్ని చదవడం సాధ్యమైంది. అందుకు వారికి 2007లో నోబెల్ బహుమతి లభించింది. నేటి పోర్టబుల్ డిస్కులోని పళ్లెం సాధారణంగా నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. దానిని తాకకుండా, వెంట్రుక మందంలో వేయోవంతు కన్నా తక్కువ ఎత్తులో చదివే ముల్లు కదులుతుంది. ఇంత సున్నితమైన యంత్రాన్ని నేడు ప్రపంచంలో సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా అనే మూడు సంస్థలు మాత్రమే తయారుచేస్తున్నాయి. 2011లో థాయ్‌లాండులో వరదలు వచ్చి కర్మాగారాలు మునిగితే ప్రపంచమంతటా వీటి ధరలు పెరిగాయి. 2021 నాటికి అరచేతిలో ఇమిడే హార్డ్ డిస్కులలో 5 టెరాబైట్లను మించినది ఏదీ లేదు. లేని వస్తువుకు తగ్గింపు ధర ఎక్కడిది?

మనుమడు ఊరుకోలేదు. అమ్మినవాని చిరునామా కోసం పెట్టెను వెదికాడు. దిగుమతిదారు పేరు గాని, నెల, సంవత్సరం గాని దాని మీద ముద్రించిలేవు. అంగడిలోని ప్యాకెట్టు మీద ఇవి ఉండాలని మన తూనికలు, కొలతల నిబంధనలు చెబుతున్నాయి. వెబ్‌సైటులో ఆ విక్రేత దుకాణమే మాయమైంది. వస్తువు తిప్పిపంపే గడువు దాటిందని వెబ్‌సైటువారు మొదట త్రోసిపుచ్చారు. అయితే 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చింది. ఆ చట్టం కింద ఆన్‌లైను వ్యాపారానికి ప్రత్యేక నిబంధనలు ఏర్పడ్డాయి. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలియజేయాలి. నెల రోజులలో పరిష్కరించాలి. కొన్నవాడు తాను నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌నే ఆశ్రయించవచ్చు. 5 లక్షల రూపాయల వరకు రుసుము కూడా లేదు. కారణం ఏర్పడిన రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. నేడు 1915 అనే నంబరుకు ఫోను చేసినా జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం దారి చూపుతుంది. మనుమడు రసీదును, విప్పిన పెట్టె చిత్రాలను జతపరచి ఫిర్యాదు పంపాడు. నెల గడవకముందే 1,899 రూపాయలు తిరిగి వచ్చాయి.

వెల తిరిగి వచ్చింది. విలువ తిరిగి రాలేదు.

అటక మీది ట్రంకు పెట్టెలోని క్యాసెట్లను దించారు. మిగిలిన 140 క్యాసెట్లను రెండు నెలలపాటు ఒక్కొక్కటిగా మరల ఎక్కించారు. 121 పలికాయి. 19 క్యాసెట్లలో బూజు పట్టి టేపు అతుక్కుపోయింది. ఆ 19లో 173వది ఒకటి. చిక్కు విప్పబోతే టేపు పుటుక్కున తెగింది. ఆ సాయంకాలం ఆయన అన్నం ముట్టలేదు. తాను చూపిన ప్రకటన వలననే ఇంత జరిగిందని మనుమడు కంటతడి పెట్టాడు. "తప్పు నీది కాదు నాయనా! ఒక్క ప్రతి మీద ఆధారపడినవాణ్ణి నేను. అంగడివాని మాటను అనుమానించి, అంకెను నమ్మినవాణ్ణీ నేనే" అన్నారాయన.

ఈసారి వారు దుకాణదారునే సలహా అడిగారు. కొత్త నమూనా రావడంతో నిలిచిపోయిన పాత నమూనా డిస్కులు రెండు తన వద్ద ఉన్నాయని, వాటిని ఒక్కొక్కటి 700 రూపాయలు తగ్గించి ఇస్తానని ఆయన చెప్పాడు. తగ్గింపు ధర తప్పు కాదు. అయితే న్యాయమైన తగ్గింపుకు చెప్పుకోదగిన కారణం ఒకటి ఉంటుంది. ఇక్కడ కారణం ఉంది. చెప్పిన మనిషి ఎదుట ఉన్నాడు. బిల్లు మీద ఆయన డిస్కుల క్రమసంఖ్యలను వ్రాశాడు. పెట్టె మీది సంఖ్య, డిస్కు మీది సంఖ్య ఒకటేనని చూపాడు. ఆ సంఖ్యను తయారీదారుల వెబ్‌సైటులో సరిచూసి, హామీ ఎన్నాళ్లుందో తెలిపాడు. "ఈ హామీ డిస్కుకే గాని మీ పాటలకు కాదు మాస్టారూ" అని దాచకుండా చెప్పాడు. డిస్కును మొదట పూర్తిగా నింపి, నింపినదంతా తిరిగి చదివి సరిచూసే ఉచిత సాధనాన్ని మనుమడికి నేర్పాడు. ఆ పరీక్ష ముగిసేదాకా విలువైనదేదీ అందులో పెట్టవద్దని, పెట్టిన తరువాత కూడా పాతదానిని చెరపవద్దని హెచ్చరించాడు.

1 టెరాబైటు డిస్కును తగిలిస్తే కంప్యూటరు 931 అని చూపుతుంది. దానిని చూసి మోసమనుకోనక్కరలేదని కూడా ఆయన వివరించాడు. తయారీదారు వేయి చొప్పున లెక్కిస్తాడు. కంప్యూటరు 1,024 చొప్పున లెక్కిస్తుంది. లెక్కలో తేడా గాని వస్తువులో లోపం లేదు. కొనేవానికి తెలియని విషయాన్ని అడగకముందే విప్పి చెప్పడం మంచి వర్తకుని లక్షణం. అమ్మకం ముగిసిన మరునాడు కూడా అదే చోట కనిపించడం అంతకన్నా ముఖ్యమైన లక్షణం. అటువంటి విక్రేత వీధిలోని అంగడిలో ఉండవచ్చు. పేరు, చిరునామా, హామీ స్పష్టంగా ప్రకటించే ఆన్‌లైను అంగడిలోనూ ఉండవచ్చు. రేపు ఎవరు జవాబు చెబుతారో తెలుసుకొని కొనడమే వివేకం.

ఇప్పుడు ఆ పాటలు మూడు చోట్ల ఉన్నాయి. ఒక డిస్కు ఇంట్లో ఉంది. రెండవది వేరొక ఊరిలోని కుమార్తె ఇంట్లో ఉంది. మూడవ ప్రతి ఇంటర్నెట్ ద్వారా అద్దెకు తీసుకున్న చోట ఉంది. ఆరు నెలలకొకసారి మనుమడు వాటిని తెరిచి, పేర్లు చూసి ఊరుకోక, పాటలు పెట్టి వింటాడు.

మరుసటి వేసవిలో తాతామనుమలు ఆ వృద్ధురాలి పల్లెకు వెళ్లారు. ఆమె కోడలికి 'ఊర్మిళాదేవి నిద్ర' సగమే జ్ఞాపకముంది. "మా అత్త మాదిరి నాకు రాదు సారూ" అంటూనే పాడింది. అత్తగారి బాణీ అక్కడక్కడ తొంగిచూసింది. మనుమడు ఆ సగం పాటను సెల్‌ఫోనులో ఎక్కించుకున్నాడు. ఇంటికి చేరిన రాత్రే దానికి మూడు ప్రతులు చేసి, ఒక్కొక్కటి చివరిదాకా విని, తరువాతనే నిద్రకు ఉపక్రమించాడు.