రానూ పోనూ ఒకే దారి

కెనడాలోని యూకాన్ ప్రాంతంలో, డాసన్ సిటీకి 40 కిలోమీటర్ల ఇవతల, క్లాండైక్ హైవే నుంచి ఒక దారి ఉత్తరానికి చీలుతుంది. క్లాండైక్ నది మీది వంతెన దాటాక కొద్ది దూరానికే తారు అయిపోయి కంకర మొదలవుతుంది. చీలిన చోటు నుంచి ఇనువిక్ ఊరి దాకా 737 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి ఆర్కిటిక్ సముద్రపు ఒడ్డున ఉన్న టక్టోయాక్‌టక్ దాకా ఇంకో 140 కిలోమీటర్లు. పేరు డెంప్‌స్టర్ హైవే. కెనడాలో ఆర్కిటిక్ వృత్తాన్ని దాటించే శాశ్వత రోడ్డు ఇదొక్కటే. ముందుకు పోయి ఇంకో దారిన తిరిగి రావడం ఇక్కడ కుదరదు. సముద్రం దగ్గర రోడ్డు ఆగిపోతుంది. వచ్చిన దారినే వెనక్కి రావాలి. అందుకని ఈ ప్రయాణానికి కాగితం మీద వేసుకునే ప్రతి లెక్కనూ రెండుతో హెచ్చించుకోవాలి: టైరు అరుగుదల, పెట్రోలు, తిండి, ఒంట్లో ఓపిక, సెలవు రోజులు.

మోటార్‌సైకిల్ మీద ఇటు వెళ్లాలనుకునేవాళ్ల కబుర్లు ఎప్పుడూ బండితోనే మొదలవుతాయి. ఏ కంపెనీది, ఎన్ని సీసీలు, ఎంత బరువు. నా మటుకు నాకు బండి ఆఖరి సంగతి. గుబ్బలున్న నాబీ టైర్లు, మంచి స్థితిలో ఉన్న చైన్, రేడియేటర్ ముందు ఒక జాలీ, పంక్చర్ సొంతంగా వేసుకోగల చేతులు ఉంటే చాలా బండ్లు ఈ దారి పోయి వస్తాయి. అద్దె బండి తీసుకునేవాళ్లు మాత్రం ఒప్పందం కాగితాన్ని చివరిదాకా చదవాలి. కంకర రోడ్లకు, అందులోనూ డెంప్‌స్టర్‌కు, ఒప్పుకోని వాళ్లున్నారు.

అసలు లెక్క పెట్రోలుది. మలుపు నుంచి మొదటి బంకు ఈగిల్ ప్లెయిన్స్ దగ్గర, 369వ కిలోమీటరులో. డాసన్‌లో ట్యాంకు నింపుకుని బయల్దేరితే 409 కిలోమీటర్లు. మనాలి నుంచి లేహ్ పోయిన తెలుగు కుర్రాళ్లందరూ తాండీ బంకు దగ్గర ఫొటో దిగి ఉంటారు, తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని చెప్పే బోర్డు పక్కన. దూరం ఇంచుమించు అంతే. లదాఖ్ దారిలో మాత్రం దాబాలుంటాయి, సైనిక వాహనాలు తిరుగుతుంటాయి, అవసరానికి సీసాలో పెట్రోలు పోసి అమ్మేవాళ్లు దొరుకుతారు. ఇక్కడ మధ్యలో ఒక్క ఊరు కూడా లేదు. లీటరుకు 20 కిలోమీటర్లు ఇచ్చే బండికి 20 లీటర్లు దాటి కావాలి. ఎదురుగాలి, వదులు కంకర, సామాను బరువు కలిసి ఆ మైలేజీని ఇంకా తగ్గిస్తాయి. ట్యాంకులో పట్టినంత పోసుకుని, పైన 5 లీటర్ల క్యాన్ ఒకటి కట్టుకోవాలి. ఆ క్యాన్ వాడకుండానే ఈగిల్ ప్లెయిన్స్ చేరితే అది దండగ బరువు అనుకోకూడదు, తిరుగుదారిలోనూ అది అలాగే ఉండాలి.

డాసన్‌లో ఒక పూట ఆగడం మంచిది. అక్కడ పొరుగున ఉన్న వాయవ్య ప్రాంతాల (నార్త్‌వెస్ట్ టెరిటరీస్) ప్రభుత్వం సందర్శకుల కోసం నడిపే సమాచార కేంద్రం ఉంది. ఫెర్రీలు నడుస్తున్నాయా, ఎక్కడ వాన పడుతోంది, రోడ్డు చదును చేసే గ్రేడర్లు ఏ ముక్క మీద పని చేస్తున్నాయి, అన్నీ చెబుతారు. ఫోను సిగ్నల్ డాసన్ దాటాక ఊళ్లలో తప్ప ఉండదు కాబట్టి ఉపగ్రహంతో సందేశం పంపే పరికరం ఒకటి జేబులో ఉండాలి. బండికి తగిలించిన పెట్టెలో పెడితే, బండి ఒకచోట మనిషి ఒకచోట పడ్డప్పుడు దానివల్ల ఉపయోగం లేదు.

మొదటి 70 కిలోమీటర్లు స్ప్రూస్ చెట్ల మధ్య నార్త్ క్లాండైక్ నది వెంబడి పోతుంది దారి. 71వ కిలోమీటరు దగ్గర టూంబ్‌స్టోన్ పార్కు కేంద్రం. ఇది ట్రాన్‌డెక్ హ్వెచ్‌ఇన్ ప్రజల నేల. కాస్త పైకెక్కగానే చెట్లు అయిపోతాయి. సుమారు 1,300 మీటర్ల ఎత్తున నార్త్ ఫోర్క్ కనుమ వస్తుంది, మొత్తం దారిలో ఎత్తైన చోటు ఇదే. కనుమకు ఇవతల పడ్డ వాన యూకాన్ నదిలో కలిసి బేరింగ్ సముద్రానికి పోతుంది, అవతల పడ్డది పీల్, మెకంజీ నదుల మీదుగా ఆర్కిటిక్ సముద్రానికి. మొదటి రాత్రి ఇక్కడే ఆగాలని నా పట్టుదల. అదే రోజు ఈగిల్ ప్లెయిన్స్ దాకా దౌడు తీసేవాళ్లున్నారు. వాళ్లు ఈ కొండలను హెల్మెట్ అద్దం మీది దుమ్ములోంచి చూసి పోతారు.

కనుమ దిగాక రోడ్డు అడుగున ఏముందో తెలుసుకుంటే రోడ్డు నడత అర్థమవుతుంది. ఇక్కడి నేల ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుంది. దాన్నే పర్మాఫ్రాస్ట్ అంటారు. పైనున్న నాచునూ గడ్డినీ గీకేసి రోడ్డు వేస్తే వేసవి వేడి లోపలికి దిగి, మంచు కరిగి, నేల కుంగిపోతుంది. అందుకని నాచును కదపకుండా దాని మీదే 1.2 నుంచి 2.4 మీటర్ల మందాన కంకర కట్ట పోశారు. ఆ కట్ట కింది మంచును వేడి తగలకుండా కాపాడుతుంది. బండి నడిపేవాడికి దీనివల్ల వచ్చే చిక్కేమిటంటే, రోడ్డు చుట్టుపక్కల నేలకన్నా ఎత్తులో ఉంటుంది, అంచులు మెత్తగా ఉంటాయి. ఎదురుగా ఇనువిక్ సరుకుల లారీ వస్తే ఒదగడానికి మరీ అంచుకు పోకూడదు. వేగం బాగా తగ్గించి, రాళ్లు ఎగిరి తగలకుండా తల వంచుకుని, దుమ్ము సద్దుమణిగేదాకా ఓపిక పట్టాలి.

దుమ్ము లేవకుండా ఈ రోడ్డు మీద కాల్షియం క్లోరైడ్ చల్లుతారు. ఎండలో అది రోడ్డును గట్టిపరుస్తుంది, గంటకు 80 కిలోమీటర్ల వేగంతోనూ హాయిగా పోవచ్చు. చినుకు పడిందంటే అదే రోడ్డు మీద జారుడు పూత లేస్తుంది. వాన పడ్డ నల్లరేగడి పుంతలో బండి తోలినవాళ్లకు ఆ జారుడు వేరే చెప్పక్కర్లేదు. ముందు చక్రం ఒకవైపు చూస్తుంది, బండి ఒకవైపు పోతుంది. ముందు బ్రేకు జోలికి పోకుండా, ఫుట్‌పెగ్గుల మీద లేచి నిలబడి, హ్యాండిల్‌ను వదులుగా పట్టుకుని, థ్రాటిల్ ఒకే తీరున ఉంచాలి. సాయంత్రం బండి ఆపి చూస్తే ఆ బురద రేడియేటర్ రెక్కల మధ్య, బ్రేకు క్యాలిపర్‌లో, స్ప్రాకెట్ పళ్ల సందుల్లో నిండి ఉంటుంది. తెల్లారేసరికి సిమెంటులా బిగుసుకుంటుంది. రాత్రే, తడిగా ఉండగానే, నీళ్లతో కడిగెయ్యాలి. రేడియేటర్ మూసుకుపోతే చల్లటి ఆర్కిటిక్ గాలిలో కూడా ఇంజను వేడెక్కుతుంది. ఆ ఉప్పు లోహాన్ని కూడా తింటుంది. బురదవేళ ప్రయాణం మానుకుని గుడారంలో కూర్చోవడానికి ఒక రోజు మిగులు ఉంచుకుంటే ఇంత యాతన తప్పుతుంది. ఎండా గాలీ తగిలితే కంకర కట్ట ఆరిపోతుంది.

బ్లాక్‌స్టోన్ నది, ఇనుము తుప్పుతో ఎర్రబారిన ఇంజనీర్ క్రీక్, ఒగిల్వీ కొండలు వరసగా వస్తాయి. ఒగిల్వీ కొండల్లో చాలా భాగాన్ని హిమయుగపు మంచు పలకలు కప్పలేదు. అందుకే అవి నున్నగా చెక్కినట్టు కాక, రాలిన రాళ్లతో మొనదేలి ఉంటాయి. ఈ ముక్కలో రోడ్డుకు వాడిన షేల్ రాయి కత్తిలా ఉంటుంది. టైర్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ప్లగ్గులు, ట్యూబు, చిన్న కంప్రెసర్ సామాను పైభాగంలో ఉండాలి.

ఈగిల్ ప్లెయిన్స్ ఊరు కాదు, ఒక హోటలు, ఒక బంకు, టైర్లు బాగుచేసే షెడ్డు. 1978లో రాతి గట్టు మీద కట్టారు. ఇటు 369 కిలోమీటర్ల దాకా, అటు ఫోర్ట్ మెక్‌ఫర్సన్ దాకా 181 కిలోమీటర్ల పాటు ఇలాంటిది ఇంకోటి లేదు. 406వ కిలోమీటరు దగ్గర ఆర్కిటిక్ వృత్తం బోర్డు. అది దాటాక రిచర్డ్‌సన్ కొండల పక్కన గాలి పక్కవాటంగా కొడుతుంది. అక్కడి లారీవాళ్లు ఆ చోటును హరికేన్ అలీ అంటారు. శరత్తులో పోర్క్యుపైన్ కారిబూ మంద ఈ కొండల మీదుగా వలస పోతుంది. లక్షకు పైగా జంతువులున్న ఆ మంద రోడ్డు దాటుతుంటే ఇంజను ఆపేసి నిలబడాలి. గ్విచిన్ ప్రజల తిండీ బతుకూ తరతరాలుగా ఆ మందతో ముడిపడి ఉన్నాయి.

రైట్ కనుమ దగ్గర యూకాన్ అయిపోయి వాయవ్య ప్రాంతాలు మొదలవుతాయి. దిగువన 539వ కిలోమీటరులో పీల్ నది. వంతెన లేదు, కేబుల్ సాయంతో నడిచే ఫెర్రీ ఉంది, డబ్బు తీసుకోరు. నీటి మట్టం మారినప్పుడల్లా ఒడ్డున యంత్రాలు కంకరా మట్టీ తోసి కొత్తగా ర్యాంపు కడతాయి. కొత్తగా పోసిన ఆ మెత్తటి మట్టి మీంచి ఇనుప పలక ఎక్కే నాలుగు గజాలే మోటార్‌సైకిల్ వాళ్లు ఎక్కువగా భయపడే చోటు. ముందు పోయే లారీ చక్రాల గాడిలో నెమ్మదిగా పోవాలి. వరద పెరిగి దుంగలు కొట్టుకొస్తే ఫెర్రీ ఆగిపోతుంది. ఎన్ని గంటలన్నది ఎవరూ చెప్పలేరు, కొన్నిసార్లు రోజులూ పడుతుంది. అవతలి ఒడ్డున చిక్కుకుంటే తిరుగుదారి లేదు. విమానం టికెట్టు తేదీ తరుముతున్నవాళ్లు ఈ నది దాటకూడదని నేను గట్టిగా చెబుతాను.

నది దాటితే టెట్లిట్ గ్విచిన్‌ల ఊరు ఫోర్ట్ మెక్‌ఫర్సన్. ఇక్కడి ఆంగ్లికన్ చర్చి ఆవరణలో నలుగురి సమాధులున్నాయి. 1910 డిసెంబర్ 21న ఇన్‌స్పెక్టర్ ఫ్రాన్సిస్ ఫిట్జ్‌జెరల్డ్ ముగ్గురిని వెంటబెట్టుకుని ఇక్కణ్ణుంచి కుక్కల బళ్ల మీద డాసన్‌కు బయల్దేరాడు. ఏటా ఇటు అటు టపా మోసే పోలీసు గస్తీ అది. ఆ పాత దారి ఇప్పటి రోడ్డుకు తూర్పుగా, విండ్, హార్ట్ నదుల లోయల మీదుగా పోయేది. తొందరగా చేరాలని ఆయన మామూలుకన్నా తక్కువ తిండి కట్టుకున్నాడు, సుమారు నెల రోజులకు సరిపడా. దారి చూపడానికి వెంట వచ్చిన మాజీ పోలీసు కార్టర్ ఈ దారిలో అంతకుముందు ఒక్కసారే, అదీ ఎదురు దిక్కున, నడిచాడు. మధ్యలో ఈసౌ జార్జ్ అనే గ్విచిన్ మనిషి కొన్నాళ్లు దారి చూపాడు. కొత్త సంవత్సరం రోజున అతనికి కూలి ఇచ్చి పంపేశారు. ఆ తర్వాత ఫారెస్ట్ క్రీక్ అనే వాగు మలుపు దొరకలేదు. దాని కోసం రోజుల తరబడి వెతికారు. వెనక్కి తిరగాలని తేల్చుకునేసరికి జనవరి సగం గడిచిపోయింది. తిండి అయిపోయాక కుక్కల్ని చంపి తిన్నారు. ఫిబ్రవరిలో నలుగురూ చనిపోయారు, ఫోర్ట్ మెక్‌ఫర్సన్‌కు ఇంక 40 కిలోమీటర్లు మిగిలి ఉండగా కొందరు. డాసన్ నుంచి వెతకడానికి బయల్దేరిన కార్పొరల్ విలియం జాన్ డంకన్ డెంప్‌స్టర్, చార్లీ స్టువర్ట్ అనే గ్విచిన్ మనిషి దారి చూపగా, మార్చి మూడో వారం చివర్లో శవాలను కనుగొన్నాడు. రోడ్డుకు పెట్టింది డెంప్‌స్టర్ పేరు. స్టువర్ట్ పేరు కూడా ఎక్కడో ఒకచోట బోర్డు మీద ఉండాల్సిందని నాకు అనిపిస్తుంది. ఆ విషాదం తర్వాత గస్తీ దారి మీద అక్కడక్కడ ఆశ్రయం గుడిసెలు కట్టి, తిండి నిలవలు పెట్టారు.

ప్రయాణం ముందు సామాను తూకం వేస్తూ ఏదో ఒకటి తీసేద్దాం అనుకునేటప్పుడు నాకు గుర్తొచ్చేది ఈ నలుగురే. తగ్గించాల్సినవి బట్టలు, కెమెరాలు. తిండి, పెట్రోలు, రోజులు కాదు. ఈ ఊళ్లో ఆగి, బంకు దగ్గరో కొట్టు దగ్గరో అక్కడి పెద్దవాళ్లను పలకరించి, ముందు దారి ఎలా ఉందని అడగడం కూడా ప్రయాణపు పనుల్లో ఒకటి.

608వ కిలోమీటరులో మెకంజీ నది మీద రెండో ఫెర్రీ. పక్కనే త్సీగెచిక్ ఊరు, ఆర్కిటిక్ రెడ్ నది కలిసే చోట. ఈ రెండు ఫెర్రీలూ జూన్ నుంచి అక్టోబర్ దాకా నడుస్తాయి. చలికాలంలో నది మీద మంచు దారి వేస్తారు. మధ్యలో మంచు కట్టే వారాల్లో, కరిగే వారాల్లో ఏ దారీ ఉండదు. ఏ నెలలో పోవాలన్నది అందరూ అడిగేదే. జూన్‌లో ఇనువిక్‌లో సూర్యుడు అస్తమించడు, మే చివరి నుంచి జూలై నడిమి దాకా అంతే. దోమలు మాత్రం హెల్మెట్‌లో దూరి మనిషిని నిలవనివ్వవు. ఆగస్టు చివరి వారం నా ఎంపిక. దోమలు తగ్గుతాయి, టండ్రా ఎర్రబడుతుంది, రాత్రి కాస్త చీకటి పడి ధ్రువకాంతి కనిపించే అవకాశం ఉంటుంది. మంచు పడినా పడొచ్చు, చలి బట్టలు గట్టివి కావాలి.

ఇనువిక్‌లో వేడినీళ్ల స్నానం, కడగడానికి నీళ్లు, ఇగ్లూ ఆకారపు చర్చి. అక్కణ్ణుంచి టక్ (టక్టోయాక్‌టక్) దాకా రోడ్డు 2017 నవంబర్ 15న తెరిచారు. అంతకుముందు చలికాలంలో నది, సముద్రం గడ్డకట్టాకే బళ్లు పోయేవి. కింద నేల చెడకుండా ఈ రోడ్డును చలికాలాల్లోనే కట్టారు. కంకర ఇక్కడ లోతుగా, వదులుగా ఉంటుంది. చెట్లు పూర్తిగా అయిపోయి పింగోలు కనిపిస్తాయి, లోపల మంచు ఉబ్బి పైకి లేచిన మట్టి కొండలు. టక్ పక్కనున్న ఇబ్యుక్ పింగో ఎత్తు 49 మీటర్లు. టక్ ఇన్యువియాలుయిట్ ప్రజల ఊరు. అలలు ఏటేటా ఒడ్డును కోస్తున్నాయి, పర్మాఫ్రాస్ట్ కరుగుతోంది, అంచున ఉన్న కొన్ని ఇళ్లను లోపలికి జరిపారు. బోర్డు పక్కన ఫొటో దిగి గంటలో వెనక్కి మళ్లేవాళ్లకు ఇవేవీ కనబడవు. నా కాగితంలో ఇక్కడ రెండు రాత్రులు రాసుకున్నాను. ఊళ్లో బస చేసి, కొట్లో సరుకులు కొని, ఆ ఊరివాళ్ల చేత సముద్రం కథ చెప్పించుకోవడానికి.

వెనక్కి బయల్దేరే ముందు టక్‌లోనే ట్యాంకూ క్యానూ నింపాలి. వెనక టైరు గాడి లోతు చూడాలి. సగం దాటి అరిగి ఉంటే, ముందుగానే ఇనువిక్‌కు పంపించి ఉంచుకున్న కొత్త టైరు అక్కడ వేయించుకోవాలి. మెకంజీ, పీల్ ఫెర్రీలు నడుస్తున్నాయో లేదో ఫోనులో అడిగి తెలుసుకోవాలి. ఆగి ఉంటే ఇనువిక్‌లో ఇంకో రోజు ఉండాలి.