కాలి యెముక నేర్పిన పాఠము

పగలెల్ల చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమున పుస్తకముల ముందు కూర్చుండి, తెల్లవారుజామున అశోక్ నగరు వీధులలో పరుగెత్తు యువకులను మనమందఱము చూచుచునే యున్నాము. 2022వ సంవత్సరపు పోలీసు నియామకములలో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషముల 15 సెకండ్లలోను, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషముల 20 సెకండ్లలోను ముగింపవలసి యుండెను. ఆ పరీక్షకై శ్రమించినవారిలో మేమును ఉంటిమి.

ప్రాథమిక పరీక్ష ముగియువఱకు నెలల తరబడి కుర్చీ విడువని మేము, మఱునాటినుండియే దినమునకు ఆఱేసి కిలోమీటర్లు పరుగెత్తసాగితిమి. నారాయణగూడనుండి ఇందిరా పార్కు వఱకు, మరల వెనుకకు, గట్టి రోడ్డుమీదనే, అరిగిన బూట్లతోనే. మూడవ వారమున మోకాలి క్రింద ముంగాలి లోపలి యంచున నొప్పి పుట్టెను. నొప్పి నోర్వలేనివాడు పోలీసెట్లగునని తలచి, గుడ్డ బిగించి, మా తల్లికి సైతము చెప్పక, మఱింత వేగముగా పరుగెత్తితిమి. అయిదవ వారమున మెట్లు దిగుటయు దుర్భరమయ్యెను. వైద్యుడు వ్రేలితో నొక్కగా, నాణెమంత చోట ప్రాణము పోయినట్లయ్యెను. ఎక్స్‌రేలో ఏమియు కానరాలేదు, ఎం.ఆర్.ఐ.లో ఎముక సన్నగా చిట్లినట్లు తేలెను. ఆ యేటి పరుగు పరీక్షకు మేము పోలేకపోతిమి.

దెబ్బ తగులకయే యెముక యెట్లు చిట్లును? శ్రమ హెచ్చినపుడు దేహము పాత యెముకను కొంత తొలగించి, క్రొత్త దానిని కట్టుకొనును. తొలగించుట త్వరగా జరుగును. కట్టుటకు నెలలు పట్టును. ఆ నడిమి కాలమున ఎముక దుర్బలము. ఊపిరియు కండరములును ముందే అలవాటుపడుటచే మనస్సు మోసపోవును. దీర్ఘమైన కవాతులు చేసిన సైనికుల పాదములలో నిట్టి బాధను ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హౌప్ట్ 1855లోనే వర్ణించెను.

మేము ఆఱు వారములు పరుగు మానితిమి. నొప్పి లేక నడువగలిగిన పిదప ఒక నిమిషము పరుగు, రెండు నిమిషముల నడక, అదియు దినము విడిచి దినము. పిక్కల బలమునకై మెట్టు అంచున నిలిచి మడమల నెత్తి దించుట నేర్చితిమి. పరుగు మోజులో తగ్గించిన తిండిని మరల సరిగా తినసాగితిమి. ఆకలిగొన్న దేహము ఎముకను కట్టజాలదు.

తమ్ములారా, చెల్లెండ్రారా! నొప్పి ముంగాలి పొడవున వ్యాపించి యున్నచో పరుగు తగ్గింపుడు. ఒక్కచోటనే పొడిచినను, పండుకొనినపుడు సైతము బాధించినను పరుగు నిలిపి వైద్యునికడకు పొండు. తల్లిదండ్రులారా! పిల్లవాడు కుంటుచు వచ్చి ఏమియు లేదనినచో నమ్మకుడు.

ఆఱు దినములు పనిచేసి యేడవ దినమున విశ్రమింపవలెనను ఆజ్ఞను మేము చిన్ననాడు ఈ పాఠశాలలోనే వింటిమి. అది ప్రార్థనకు మాత్రమే చెందినదని తలచితిమి. మా కాలి యెముకకును చెందినదని ఆలస్యముగా నెఱిగితిమి.