షూబర్ట్ ఆఖరి పాఠం

వియన్నాకు వచ్చిన మనవాళ్లకు రాజప్రాసాదాలు చూపించాక నేను తప్పకుండా తీసుకెళ్లే చోటు ఒకటుంది. కెట్టెన్‌బ్రూకెన్‌గాస్సె వీధిలో 6వ నంబరు ఇల్లు. 1828 నవంబరు 19న ఫ్రాంజ్ షూబర్ట్ ఆ ఇంట్లోనే, అన్నగారి దగ్గర, 31 ఏళ్లకే కన్నుమూశాడు. అప్పటికే దాదాపు ఆరు వందల పాటలకు బాణీలు కట్టాడు, సింఫనీలు రాశాడు. అంతటివాడు పోవడానికి రెండు వారాల ముందు సీమోన్ సెక్టర్ అనే గురువు దగ్గరికి వెళ్లి కౌంటర్‌పాయింట్ (వేర్వేరు వరసలను ఒకేసారి నడిపే విద్య) పాఠం చెప్పించుకున్నాడు. మళ్లీ వెళ్లేలోపే మంచం పట్టాడు.

హైదరాబాద్‌లో ల్యాప్‌టాప్ మీద పాటలు చేసే మా అక్క కొడుకు ఈమధ్య ఫోన్లో అడిగాడు: "పిన్నీ, బాణీలు కట్టాలంటే కాలేజీలో చేరాల్సిందేనా? అక్కర్లేదంటున్నారు అందరూ." నేను వాడికి చెప్పిన మాటే ఇక్కడా చెబుతాను. కాలేజీ లేకుండా కుదురుతుంది. నేర్చుకోకుండా కుదరదు.

కాలేజీ గడప తొక్కని స్వరకర్తల్లో ఆర్నోల్డ్ షోన్‌బెర్గ్‌ది పెద్ద పేరు. ఆయనా ఈ ఊరివాడే. తండ్రిది చెప్పుల దుకాణం, తను బ్యాంకులో గుమాస్తా. సొనాటా ఎలా కట్టాలో తెలియక, వాయిదాల మీద కొంటున్న విజ్ఞాన సర్వస్వంలో 'ఎస్' అక్షరం సంపుటం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశానని తరువాత ఆయనే చెప్పుకున్నాడు. ఔత్సాహికుల ఆర్కెస్ట్రాలో సెల్లో వాయిస్తుండగా పరిచయమైన జెమ్లిన్‌స్కీ అనే సంగీతకారుడి దగ్గర కౌంటర్‌పాయింట్ నేర్చుకున్నాడు. ఆ గుమాస్తానే బెర్గ్, వెబర్న్ అనే స్వరకర్తలకు గురువయ్యాడు, 1911లో హార్మొనీ (స్వరాలను కలిపి పలికించే పద్ధతి) మీద పెద్ద పాఠ్యపుస్తకం రాశాడు. 'చదువు అక్కర్లేదు' అనడానికి ఆయన పేరు వాడేవాళ్లు ఈ ఎదురుచూపుల సంగతి మర్చిపోతారు.

ఇక ఆంటోన్ బ్రూక్నర్. పల్లెటూరి బడిపంతులు కొడుకు, పేరున్న ఆర్గాన్ విద్వాంసుడు. 1855లో, ముప్పై ఏళ్ల వయసులో, అదే సెక్టర్ దగ్గర శిష్యుడిగా చేరాడు. ఉద్యోగం లింజ్‌లో, గురువు వియన్నాలో. అభ్యాసాలు చేసి ఉత్తరాల్లో పంపేవాడు, వీలు దొరికినప్పుడు వచ్చి ఎదురుగా కూర్చునేవాడు. చదువు ముగిసేదాకా సొంత రచనలు చేయకూడదన్నది గురువు పెట్టిన షరతు. ఆరేళ్లు ఆ కట్టుబాటులో ఉన్నాడు. ఆయన సింఫనీలన్నీ ఆ తరువాతే పుట్టాయి.

ఇక మన కర్ణాటక సంగీతానికి వస్తే, అందులో బాణీ కట్టడం ఎలాగో విడిగా నేర్పే తరగతి ఉండదు. చిన్నప్పుడు విజయవాడలో మా పంతులమ్మగారు సరళీ, జంట వరుసలు, అలంకారాలు, గీతం, స్వరజతి, వర్ణం అంటూ వరసగా చెప్పుకొచ్చారు. కానీ ఒక వర్ణం గొంతులో పడిందంటే ఆ రాగం ఏ స్వరం మీద నిలుస్తుందో, ఎక్కడ వంకర తిరుగుతుందో తెలిసిపోతుంది. కల్పనస్వరాలు మొదలయ్యాక అక్కడికక్కడే అల్లి, తాళం తప్పకుండా మళ్లీ ఎత్తుగడకు వచ్చి కలవాలి. అది రచన కాక మరేమిటి? పేరు పెట్టకుండానే పంతులమ్మగారు నేర్పించేశారు.

అయినా ఇక్కడ వియన్నాలో సాయంత్రం క్లాసులో హార్మొనీకి చేరినప్పుడు నా చెవికి తెలియనిది ఒకటి దొరికింది. షడ్జ పంచమాలంటే తంబురా ఒడిలో పెరిగిన మనకు ప్రాణం. టీచర్ గారు పియానో మీద ఒక వరస వాయిస్తూ, దాని కింద అంతా పంచమం దూరంలోనే రెండో వరస నడిపించారు. "ఎంతమంది పాడుతున్నట్టుంది?" అని అడిగారు. ఒక్కరే అన్నాను. ఈసారి పై వరస ఎక్కుతుంటే కింది వరసను దించారు. చటుక్కున ఇద్దరు మనుషులు వినిపించారు! రెండు వరసలు వెంటవెంటనే పంచమం దూరంలోనే నడవకూడదని హార్మొనీలో ఒక నియమం ఉంది; దానికి కారణం అదే: ఒక గొంతు ఇంకో గొంతులో కరిగిపోకూడదు. ఒంటి వరసకే ప్రాణం పోసే సంగీతంలో పెరిగిన నాకు 'ఎంతమంది?' అన్న ఈ ప్రశ్న దానంతటది ఎన్నటికీ తట్టేది కాదు. గురువు చేసే మేలు ఇదే. మన చెవి తనంతట తాను అడగని ప్రశ్నను అడిగిస్తాడు.

పట్టా సంగతి వేరు. ఎనభైమంది వాయించే ఆర్కెస్ట్రాకు రాయాలన్నా, సంగీతం పాఠాలు చెప్పే ఉద్యోగం కావాలన్నా సంస్థలో చేరడమే మంచిది. అక్కడ రాసింది వాయించి వినిపించేవాళ్లు దొరుకుతారు. సినిమా పాటకో, నాటకానికో, గుడిలో భజనకో బాణీ కట్టాలనుకునేవాళ్లు మాత్రం ఫీజు కట్టేముందు ఒక పని చేయాలి. ప్రాణంగా ఇష్టపడే పాట ఒకటి తీసుకుని, పల్లవి, చరణాలు, మధ్యలో వాద్యాలు, కింద నడిచే బేస్, అన్నీ చెవితో విని కాగితం మీద స్వరాలు రాయాలి. చేయి ఎక్కడ ఆగిపోతుందో అక్కడ గీత గీయాలి. ఆ కాగితం పట్టుకుని, ఆ గీత దగ్గర ఏం జరుగుతోందో చెప్పగలిగే మనిషిని వెతుక్కోవాలి. మా వాడు ఇప్పుడు ఆ పని మీదే ఉన్నాడు.