ముగ్గురుండే దుకాణం, ముప్పై మంది చట్టం

ఇంటర్ ఒకేషనల్ పిల్లలు ఓజేటీకి పోయే ముందు వాళ్లను ఎలా తయారుచేస్తున్నారో చూసి రాయమని సంపాదకులు నన్ను నిజామాబాద్ పంపారు. ఓజేటీ అంటే పని జరిగే చోటికే పోయి పని నేర్చుకోవడం. రెండేళ్ల కోర్సులో అదొక భాగం. దానికి మార్కులున్నాయి, పూర్తి చేసినట్టు సంతకం, ముద్ర ఉన్న కాగితం కావాలి. కాలేజీ చూశాను. ప్రిన్సిపాల్ గారు చాయ్ తాగించి, రిజిస్టర్లన్నీ తెప్పించి చూపారు. వాటి గురించి రాయడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. ఎలక్ట్రికల్ టెక్నీషియన్ కోర్సు చదివే ఇద్దరు పిల్లలు పని నేర్చుకుంటున్న మోటారు వైండింగ్ దుకాణానికి వాళ్ల లెక్చరర్ నన్ను తీసుకుపోయారు. బోధన్ రోడ్డు మీద ఉందది. మిగతా చోట్లన్నీ మానుకొని అక్కడే కూర్చుండిపోయాను.

నాట్ల కాలం. దుకాణం ముందు కాలిన మోటార్లు వరసగా పడి ఉన్నాయి. ఒక్కోదాని మీద సుద్దముక్కతో ఊరి పేరు: ఎడపల్లి, రెంజల్, కోటగిరి, వర్ని. లోపల రెండు మోటార్లు పక్కపక్కన పెడితే ఇక నడవడానికి చోటుండదు. పని చేసేది ముగ్గురు: అరవై దాటిన ఉస్తాద్, ఆయన అల్లుడు, ఒక హెల్పర్. ఉస్తాద్‌ను అందరూ చాచా అనే పిలుస్తారు. ఆయన కుడి చూపుడువేలి కొస రాగితీగ ఒరిపిడికి గట్టిపడి నున్నగా మెరుస్తోంది. ఆ వేలితోనే తీగను తడిమి గేజ్ ఎంతో చెబుతాడు. ఆ తర్వాత మైక్రోమీటరు పెట్టి చూపిస్తాడు, పిల్లలు తన మాట నమ్మి ఊరుకోకూడదని.

వైండింగ్ అంటే తీగ చుట్టడమే కదా అనుకుంటాం. అసలు పని కాలిన తీగను కోయకముందే ఉంది. స్లాట్లెన్ని, ఒక్కో కాయిల్‌కు చుట్లెన్ని, కాయిల్ ఏ స్లాటులో దిగి ఏ స్లాటులో తేలింది, కనెక్షన్ స్టారా డెల్టానా, అన్నీ చూసి రాసుకోవాలి. ఆ తర్వాతే ఉలి పట్టాలి. తొందరపడి ముందే కోస్తే ఆ మోటారు లెక్క చెప్పేవాడు ఉండడు. కొత్త కాయిల్స్ చెక్క అచ్చు మీద చుట్టి, స్లాటులో ఇన్సులేషన్ పేపరు పరిచి, తీగలను కొద్దికొద్దిగా లోపలికి జార్చి, పైన వెదురు బద్ద దిగగొడతారు. తర్వాత వార్నిష్ పోసి ఆరబెడతారు. బోరులో మునిగే సబ్‌మెర్సిబుల్‌ది వేరే పద్ధతి. దాని లోపలంతా నీళ్లే కాబట్టి వార్నిష్ ఉండదు, తీగకే ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. మూసి ఉన్న స్లాటులో అటునుంచి ఇటు, ఇటునుంచి అటు బట్ట కుట్టినట్టు తీగను లాగుతూ ప్రతి చుట్టూ లెక్కపెట్టాలి.

చాచా ఉర్దూలో లెక్కపెడతాడు, పక్కనున్న పిల్లవాడు తెలుగులో. ఇద్దరి లెక్కా ఒకేచోట ఆగాలి. ఆ మధ్యలో ఎడపల్లి నుంచి వచ్చిన రైతు "చాచా, పొద్దుగూకేవరకు అయితదా?" అని మూడుసార్లు అడిగాడు. లెక్క ముగిసేదాకా చాచా తల ఎత్తలేదు. ముగిశాక తీగకు ముడివేసి, "అయితది పటేలా, కూసో" అన్నాడు.

ఒక చుట్టు తక్కువైతే ఏమవుతుందని అడిగాను.

"తిరుగుతది సార్. ఈడ షెడ్డుల మంచిగనే తిరుగుతది. బాయికాడ లోడు పడ్డంక గరమైతది. నెలకో రెండు నెలలకో మల్ల కాలుతది. రైతు మల్ల ఎత్తుకొస్తడు. అప్పటిదాంక ఆయన పొలం ఏంగావాలె?"

ఒక చుట్టు లెక్క తప్పితే ఎకరం వరి ఎండుతుందని పిల్లవాడికి తెలియడం కంటే గొప్ప వృత్తి విద్య నాకు తెలియదు. పాఠ్యపుస్తకంలో మూడు ఫేజుల మోటారు బొమ్మ ఉంది, చక్కగానే ఉంది. ఆ బొమ్మ వెనక రైతు లేడు. కాలేజీ నుంచి వచ్చిన మరికొందరు పిల్లలు రోడ్డు పక్కన మాట్లాడుకుంటుంటే చెవిన పడింది: "ఎన్ని నెలల సంది మోటారు బొమ్మనే గీస్తున్నం గదరా, ఇప్పి సూసుడు గిదే మొదలు." ఆ మాటలో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. కోపం నాకొచ్చింది.

చాచా ఈ పని నేర్చింది బోధన్ శక్కర్‌నగర్‌లో, నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఎలక్ట్రికల్ షాపులో. 1937లో మొదలైన ఆ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారంగా పేరు పొందింది. అంతకు ముందే మంజీరా మీద నిజాంసాగర్ కట్టి కాలువలు పారించారు. ఆ నీళ్లతో చెరకు పెరిగింది, చెరకుతో ఫ్యాక్టరీ పెరిగింది, ఫ్యాక్టరీతో ఊరు పెరిగింది. ఆస్పత్రి, బడి, క్వార్టర్లు అన్నీ దాని చుట్టే. చెరకు ఆడే సీజన్ చలికాలంలో మొదలై ఎండలు ముదిరేదాకా సాగేది. ఆ తర్వాత ఫ్యాక్టరీ ఆగేది, ఓవర్‌హాలింగ్ మొదలయ్యేది. మిల్లు రోలర్లు ఎత్తేవారు, పంపులు ఇప్పేవారు, ప్రతి మోటారునూ నేల మీద పరిచేవారు.

"సీజన్ల ఎవడు నేర్పుతడు సార్? అప్పుడు ఉరుకుడే. అంత ఇప్పి కింద పెట్టినంకనే నేర్సుడు" అన్నాడు చాచా. మొదట్లో ఆయనకిచ్చిన పని విప్పిన ప్రతి నట్టూ బోల్టూ కిరసనాయిల్‌లో కడిగి వరసలో పెట్టడం. ఏది ఎక్కడిదో పొరపాటు లేకుండా చెప్పగలిగాకే పానా చేతికిచ్చారట.

ఈ మాట విన్నాక నాకు, ఇప్పుడు మూతపడి ఉన్న ఆ ఫ్యాక్టరీ గేటు వేరేగా కనబడింది. మనం ఫ్యాక్టరీ మూత గురించి రాసినప్పుడల్లా చెరకు రైతు గురించి, జీతాలు రాని కార్మికుడి గురించి రాశాం. రాయాల్సిందే. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబర్ 23న బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి మూడు యూనిట్లలోనూ లేఆఫ్ ప్రకటించారు. 2024 జనవరిలో పునరుద్ధరణ కోసం ప్రభుత్వం కమిటీ వేసింది. ఈ చరిత్రలో ఎక్కడా రాయని నష్టం ఒకటుంది. ఏటా ఓవర్‌హాలింగ్ సాగే నెలల్లో ఆ ప్రాంతానికి ఆ ఫ్యాక్టరీయే పెద్ద సాంకేతిక పాఠశాల. ఫిట్టరు, వెల్డరు, టర్నరు, వైండరు అందరూ అక్కడ తయారై బయటికి వచ్చి ఊళ్లలో షెడ్లు పెట్టుకున్నారు. గేటుకు తాళం వేసిన రోజున ఆ బడికీ తాళం పడింది. దాని కోసం ఎవరూ ధర్నా చేయలేదు, ఎందుకంటే అది బడి అని ఏ కాగితంలోనూ లేదు.

కాగితాల సంగతికి వస్తే, అప్రెంటిస్‌షిప్ చట్టం 1961 నాటిది. 1986 సవరణతో ఇంటర్ ఒకేషనల్ పాసైనవాళ్లూ అందులోకి వచ్చారు. చెన్నైలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ శిక్షణ బోర్డు కింద ఏడాది శిక్షణ ఉంటుంది, భృతిలో సగం కేంద్రం భరిస్తుంది. 2019లో నిబంధనలు మార్చి వీళ్ల కనీస భృతి నెలకు 7,000 రూపాయలు చేశారు. మంచిదే. అదే నిబంధన ప్రకారం ముప్పై మంది, ఆ పైన పనిచేసే సంస్థ అప్రెంటిస్‌లను తీసుకొని తీరాలి. నలుగురి నుంచి ఇరవై తొమ్మిది మంది దాకా ఉన్నచోట యజమాని ఇష్టం. ముగ్గురే ఉంటే ఆ దుకాణం లెక్కలోకే రాదు.

బోధన్‌లో ఇప్పుడు ఆ పిల్లలకు దగ్గరగా ముప్పై మంది ఎలక్ట్రికల్ పనివాళ్లున్న గేటు ఏది? చట్టం పెద్ద ఫ్యాక్టరీని చూసి రాసుకున్నది. ఆ ఫ్యాక్టరీ మూతపడింది. దాని విద్య మాత్రం చచ్చిపోలేదు, చాచా దుకాణం లాంటి చోట్లకు వచ్చి తలదాచుకుంది. మన వ్యవస్థకు ఆ దుకాణంతో ఉన్న సంబంధం ఒక్క సంతకం. పిల్లలు వచ్చే రోజుల్లో చాచాకు రోజుకు ఒక మోటారు తక్కువ తయారవుతుంది. ఆయన సమయానికి ఎవరూ పైసా ఇవ్వరు. అందుకే చాలా దుకాణాలవాళ్లు మొదటి రోజే ముద్ర కొట్టి పిల్లలను ఇంటికి పంపేస్తారు. వాళ్లను తప్పు పట్టలేను. 2020 జాతీయ విద్యా విధానం 2025 నాటికి కనీసం సగం మంది విద్యార్థులకు వృత్తి విద్యతో పరిచయం కలగాలంది. పరిచయం చేసేవాడి కూలి ఎవరిస్తారో ముందు తేల్చాలి.

ఆ ఫ్యాక్టరీ మొదలైన 1937లోనే, అక్టోబరులో, ఇక్కడికి ఉత్తరాన వార్ధాలో గాంధీ అధ్యక్షతన విద్యా సదస్సు జరిగింది. చేతిపని చుట్టూ చదువు ఉండాలన్న నయీ తాలీమ్ అక్కడే రూపు దిద్దుకుంది. పాఠ్యప్రణాళిక తయారుచేసిన కమిటీకి అధ్యక్షుడు జాకిర్ హుస్సేన్, 1897లో హైదరాబాద్‌లో పుట్టినవాడు. చేతితో చేసే పనిలోంచే లెక్కలు, సైన్సు, భాష పుట్టుకురావాలని వాళ్లన్నారు. చాచా పక్కన కూర్చున్న పిల్లవాడు 36 స్లాట్లను మూడు ఫేజులకు, నాలుగు పోల్స్‌కు పంచితే ఒక్కోదానికి ఎన్ని వస్తాయో సుద్దముక్కతో నేల మీద వేసి చూస్తుంటే, ఆ కమిటీ కోరింది కళ్లముందే కనబడింది. లెక్క తప్పితే తీగ చోట కూర్చోదు. దిద్దడానికి ఎర్ర సిరా అక్కర్లేదు.

మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ కోర్సు అమ్మాయిలతో కూడా కాసేపు మాట్లాడాను. వాళ్ల ఓజేటీ ఒక ఆసుపత్రిలో. "రిజిస్టర్ రాయమంటరు సార్. బీపీ చూడనియ్యరు. అడిగితే మీకెందుకమ్మా అంటరు" అంది ఒకమ్మాయి. పక్కనమ్మాయి అందుకుంది: "మా ఇంట్ల అమ్మ బీడీలు చేస్తది. నేను నర్సు పని నేర్సుకుంటున్న అని అందరికి చెప్పింది. రిజిస్టర్ రాస్తున్న అని ఎట్ల చెప్పాలె?" ఆమెకు నేనేమీ చెప్పలేకపోయాను. రోగి భద్రత ముఖ్యమే. అందుకే పంపే ముందే కాలేజీలో బొమ్మ చేతుల మీద, ఒకరి చేతులు ఒకరు పట్టుకుని, సాధన చేయించి పంపాలి. ఏ పని చూడవచ్చు, ఏది పర్యవేక్షణలో చేయవచ్చు, ఏది ముట్టకూడదు అని ఆసుపత్రితో ముందే రాసుకోవాలి. సిద్ధం చేయడమంటే ఇది. యూనిఫాం, ఐడీ కార్డు, క్రమశిక్షణ మీద ఒక గంట ఉపన్యాసం ఇచ్చి పంపితే పిల్లలు రిజిస్టర్ల దగ్గరే ఆగిపోతారు.

చాచా సిద్ధం చేసే తీరు చెబుతాను. మొదటి రోజు ఆయన పిల్లలతో మోటారు ముట్టించలేదు. మెయిన్ ఆపి ఫ్యూజు క్యారియర్లు మూడూ పీకించి, వాళ్ల జేబులోనే పెట్టుకోమన్నాడు. "పని అయిపోయేదాంక అవి నీ జేబులనే ఉండాలె. బల్ల మీద పెట్టొద్దు, దోస్తుకు ఇయ్యొద్దు. నీ జాన్ నీ జేబుల ఉండాలె బేటా." ఇది ఆయనకు ఫ్యాక్టరీలో నేర్పిన మొదటి పాఠం. 1948 ఫ్యాక్టరీల చట్టం కూడా చిన్న వయసువాళ్లను ప్రమాదకర యంత్రం దగ్గరికి పంపేముందు దాని ప్రమాదాలు పూర్తిగా చెప్పి, తగిన శిక్షణ ఇచ్చి లేదా తెలిసినవాళ్ల పర్యవేక్షణలో పెట్టాలంది. ఈ పిల్లలకు పదహారు, పదిహేడేళ్లు. జేబులో ఫ్యూజు పెట్టుకునే అలవాటు ప్రతి కాలేజీలో మొదటి వారంలోనే చేయించవచ్చు. ఖర్చు లేదు, అనుమతి అక్కర్లేదు.

ఈ పిల్లల్లో కొందరి అన్నలు, చిన్నాన్నలు దుబాయ్‌లో, సౌదీలో ఉన్నారు. హెల్పర్ వీసా మీద పోయినవాళ్లకూ ఎలక్ట్రీషియన్‌గా పోయినవాళ్లకూ జీతంలో, గదిలో, మర్యాదలో ఎంత తేడానో ఇంటింటికీ తెలుసు. ఆ తేడా ఇక్కడే, ఈ దుకాణంలోనే పుడుతుంది.

చాచా దగ్గర ఒక పాత లెడ్జర్ ఉంది. తాను కట్టిన మోటార్ల వివరాలన్నీ అందులో ఉన్నాయి: కంపెనీ, హార్స్‌పవర్, స్లాట్లు, చుట్లు, గేజ్, ఊరు. కొన్ని మోటార్ల కంపెనీలే ఇప్పుడు లేవు. ఎవరైనా ఆ మోడల్ తెస్తే, లోపలిది పూర్తిగా కాలి బూడిదైనా, చాచా లెడ్జర్ తిప్పి లెక్క తీస్తాడు. ఆ పుస్తకానికి నకలు లేదు. పిల్లలతో దాన్ని శుభ్రంగా మళ్లీ రాయించి కాలేజీ ల్యాబ్‌లో పెట్టమని లెక్చరర్‌కు చెప్పాను. తనకూ ఆ ఆలోచన ఉందన్నారాయన. ఆయనది కాంట్రాక్టు ఉద్యోగం, వచ్చే ఏడు ఇక్కడే ఉంటారో లేదో.

సాయంత్రం లెక్చరర్ ఒక పిల్లవాడి ఓజేటీ ఫారం తీశారు. హాజరు, ప్రవర్తన, క్రమశిక్షణ, గ్రేడు, సంతకం, ముద్ర. చాచా చదివించుకొని విని, పెన్ను పట్టలేదు.

"వీనికి ఏమొస్తదో రాసే జాగ ఏది సార్?"

లేదన్నారు లెక్చరర్. అయితే వెనక రాయమన్నాడు చాచా. లెక్చరర్ ఫారం తిప్పి, మోకాలి మీద పెట్టుకుని, ఆయన చెప్పింది చెప్పినట్టే రాశారు: "36 స్లాట్ల స్టేటర్ ఒక్కడే దింపిండు. సిరీస్ బల్బుతోని షార్ట్ పట్టిండు. కనెక్షన్ ఒకసారి తప్పింది, తనే దొరకబట్టి మల్ల ఇచ్చిండు. టాంగ్ టెస్టర్ పెడితే మూడు ఫేజులల్ల ఆంప్స్ సమానం ఉన్నయి. సబ్‌మెర్సిబుల్ ఇంక రాదు, మల్ల పంపుండ్రి." దాని కింద ఉర్దూలో సంతకం పెట్టాడు.