నల్లగా మిగిలిన రికార్డు

మా ఊరి మైకుసెట్టు బాబాయ్ దగ్గర రెండు రేకు పెట్టెల నిండా రికార్డులుండేవి, కుక్కబొమ్మవి. నిమిషానికి 78 చుట్లు తిరిగితే మూడు నిమిషాల పైచిలుకులో ఒక వైపు అయిపోయేది. ఏది బాగా ఆడిందో, ఏది మూలపడిందో వినక్కర్లేదు, చూస్తే తెలిసేది. ముల్లు పదేపదే నడిస్తే లక్క నల్లదనం పోయి బూడిదరంగుకు తిరుగుతుంది.

‘పుష్పవిలాపం’ అలా తెల్లబారిపోయింది. కృష్ణకు ఆవలి గుంటూరు జిల్లా కరుణశ్రీ పద్యాలు, ఈవల గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల గొంతు. పెళ్లిళ్లలో కూడా అదే వేయమనేవాళ్లు. పందిరి నిండా తెంపి కట్టిన పూలే మరి!

అదే పెట్టెలో అడుగున ‘బహుదూరపు బాటసారి’ ఉండేది. రాసిందీ, పాడిందీ ఘంటసాలే. సినిమాల్లో ఆ గొంతు ఎప్పుడూ ఎవరికో ఒకరికి అరువు: 1951లో ‘పాతాళభైరవి’లో రామారావుకి, 1953లో ‘దేవదాసు’లో నాగేశ్వరరావుకి. ఇక్కడ ముందు నిలబడ్డ మనిషి లేడు. తండ్రి సూరయ్య పాడుతుంటే చిందేసిన పిల్లవాడు, విజయనగరంలో మధూకరం ఎత్తుకు తిని పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర సంగీతం నేర్చినవాడు, 1942 ఉద్యమంలో జైలుకెళ్లినవాడు. బాటసారి గురించి రాయడానికి ఆయనకు దూరం వెళ్లి వెతకాల్సిన పని ఉండి ఉండదు.

నేను మాత్రం ఆ పాట మొదట రేడియోలో విన్నాను. మర్నాడే పరుగెత్తి అడిగితే బాబాయ్ నవ్వాడు. “ఇది పందిట్లో వేస్తే పెళ్లివారు మనల్ని తంతార్రా! ఎవడూ అడగడు.” అయినా ఒకసారి వేశాడు, పెళ్లి పని అయిపోయి కుర్చీలు మడతపెడుతుండగా. వంటవాళ్లు డేగిసాలు తోముతూ విన్నారు.

1974 ఫిబ్రవరి 11న ఘంటసాల పోయారు. ఆ తర్వాత ఆయన పాడిన భగవద్గీత బయటికొచ్చింది. దాంతో పెట్టెలు తీసే పనే తగ్గింది. తెల్లవారుజామున గుళ్లో గీత, ఎవరైనా పోతే వాకిట్లో గీత. గీత వినపడితే మా అమ్మ వీధిలోకొచ్చి “ఎవరే?” అని అడిగేది. మహా గాయకుడు పాడిన గీతకు దక్కిన ఈ ఉద్యోగం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

క్యాసెట్లొచ్చాక పెట్టెలు అటకెక్కాయి. చాలా ఏళ్లకు బాబాయ్ చేత దింపించాను. ‘పుష్పవిలాపం’ అంచు విరిగిపోయింది. బాటసారి రికార్డు నిన్న కొన్నట్టుంది. పంచె చెంగుతో తుడిచి పళ్లెం మీద పెట్టాడు. ముళ్ల డబ్బా కోసం ఇల్లంతా వెతికాం. దొరకలేదు.